కొసరు

గుణుపురం సంతలో అంకెలు తెలుగులో పుడతాయి,
బేరం ఒడియాలో సాగుతుంది,
కోపం మాత్రం సవర భాషలో
నోరు తెరవకుండానే లేచి వెళ్లిపోతుంది.

పదకొండేళ్లుగా అందవరపు వారి కాటా నాదే.
చింతపండు, పిప్పళ్లు, కొండచీపుర్లు.
నా బొటనవేలికి ఒక అలవాటుంది:
ముల్లు నిలబడే ముందు
రాళ్ల పళ్లెం అంచు మీద
ఈగ వాలినట్టు వాలుతుంది.
నేను నేర్పలేదు.
అడిగితే, నాకేటి తెల్దంటుంది.

ఆ వారం గురుబారి గొమాంగో గంప దించింది.
గింజ తీసిన పండు,
వేళ్లకి అంటుకుని వదలని పండు.
కిలో ముప్పై ఆరన్నాను. సంతలో అదే పై ధర.
తలూపింది.
పోశాం, తూచాం, ఈగ వాలింది.
ఆమె ముల్లుని చూడలేదు,
నా గోరుని చూసింది.

ఒక్క మాట లేదు.
పండుని దోసిళ్లతో తిరిగి గంపలోకి ఎత్తుకుంది,
పళ్లానికి అంటిన పీచు కూడా గీకి తీసుకుంది.
ఉప్పు కొనలేదు, కిరసనాయిలు కొనలేదు.
పన్నెండు కిలోల బరువుతో
వంశధార గట్టు దాటి, కొండ ఎక్కి,
వచ్చిన దారినే పోయింది.

"బుర్ర లేదు దానికి" అన్నాడు షావుకారు.
నేనూ నవ్వాను. నవ్వాక ఎందుకో
నా నవ్వు నాకే గట్టిగా వినిపించింది.

పై వారం పద్మపురం కుర్రాడొకడు,
త్రినాథ్ బెహరా, కొత్తగా కాటా పెట్టాడు.
కిలో ముప్పై నాలుగే ఇస్తాడు.
తూచేటప్పుడు చేతులు వెనక్కి కట్టుకుంటాడు,
బళ్లో మాస్టారి ముందు నిలబడ్డట్టు.
గురుబారి అక్కడ దించింది.

లెక్క కట్టాను, కట్టకుండా ఉండలేను కదా.
నా వేలు మింగే అరకిలో పోగా
నా దగ్గర నాలుగొందల పద్నాలుగు.
వాడి దగ్గర నాలుగొందల ఎనిమిది.
నా దొంగతనంతో కలిపి కూడా
ఆరు రూపాయలు నేనే ఎక్కువ!
కేకేసి చెబుదామనుకున్నాను.
ఏమని చెప్పను?

అంతలో, తూకం అయిపోయాక,
డబ్బులు కొంగున ముడేసుకున్నాక,
ఆమె వంగి ఒక గుప్పెడు పండు తీసి
వాడి కుప్ప మీద వేసింది.
కొసరు.
కొనేవాడు అడుక్కునే కొసరు,
అడక్కుండా, అమ్మినామె చేత్తో.

పుర్రెలో కూడా ఒక కొట్టుంటుందనుకుంటా.
గుమ్మం దగ్గరే ఎవరో బేరం తెంపేస్తారు:
ముక్కో, కడుపో,
ఏడేళ్లప్పుడు తిన్న చెంపదెబ్బో.
వెనక గదిలో గుమస్తా ఆ తర్వాత లేస్తాడు,
కళ్లద్దాలు తుడుచుకుంటాడు,
నిన్నటి తేదీ వేసి కారణాలు రాస్తాడు.
ముత్యాల్లాంటి దస్తూరీ.
అందుకే నమ్ముతాం.

నా గుమస్తా రాసినవి తిరగేశాను.
షావుకారు చూస్తున్నాడు. పిల్లదాని ఫీజు.
ఈ సంతలో నొక్కని వేలేది?
ఒక్క కొట్టివేత లేదు.
కానీ ఏ పద్దు చూసినా
సిరా కంటే వేలే ముందు.

మూడో వారం నేనూ చేతులు వెనక్కి కట్టుకున్నాను.
ముప్పై ఏడన్నాను. ముప్పై ఎనిమిదన్నాను.
గురుబారి ఆగింది. నా ముఖం చూడలేదు,
నా వెనక, కనపడని చేతుల వైపు చూసి
నడిచింది.
ఆమె వెనక ఇంకో గంప. దాని వెనక
ఇంకో రెండు. అందులో ఒకామెని
నేనెన్నడూ మోసం చెయ్యలేదు, ఒట్టు,
ఆమె మొదటిసారి వచ్చిందే ఆ రోజు.

రాత్రి బొటనవేలిని గుప్పిట్లో మూసి పడుకున్నాను.
గుప్పెడు చింతపండు ఎన్ని గ్రాములుంటుంది?
చీకట్లో చెయ్యి పైకెత్తి తూచి చూశాను.
లోపల గుమస్తా దీపం పెద్దది చేసి
అప్పుడే రాయడం మొదలెట్టాడు:
వీడు మారాడు, అని.